రద్దయిన పత్రం చెరిగిపోదు

1980ల చివర ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ వైపు ఒక వింత జ్వరం కనిపించింది. వానలు పడ్డాక పొలాల్లో బురదలో పనిచేసేవాళ్లు మంచాన పడేవారు. కొందరికి ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై ప్రాణం మీదికి వచ్చేది. పేరు తెలియని ఆ జబ్బును ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అన్నారు. అది లెప్టోస్పైరోసిస్, అంటే మనం ఎలుక జ్వరం అనేదేనని పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1990లలో తేల్చారు. జబ్బేదో తెలిశాక పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి చవక మందులే దారి చూపాయి.

ఇలాంటి ఫలితం జర్నల్‌లో అచ్చయితేనే ఎక్కడో ఉన్న డాక్టరు కూడా దాన్ని నమ్మి మందు రాస్తాడు. ఆ అంకెలు ఎవరో కుర్చీలో కూర్చుని అల్లినవైతే మూల్యం చెల్లించేది రోగి. అందుకే ‘పరిశోధనలో మోసం జరిగితే జర్నల్ ఏం చేస్తుంది?’ అన్న ప్రశ్న పండితులకే పరిమితం కాదు.

మోసాలు ముఖ్యంగా మూడు రకాలు. చేయని ప్రయోగానికి ఫలితాలు సృష్టించడం ఒకటి. వచ్చిన ఫలితాలను, ఫొటోలను తమకు నచ్చినట్టు దిద్దుకోవడం రెండోది. ఇతరుల రాతను, ఆలోచనను కాజేయడం మూడోది. లెక్కలో పొరపాటు, సీసా మీద చీటీ తారుమారవడం వంటివి మోసం కిందికి రావు. పత్రం తప్పయినంత మాత్రాన రాసినవాడు దొంగ కాడు.

ఫిర్యాదు రాగానే ఎడిటర్ చేసే మొదటి పని రచయితలకు ఉత్తరం రాయడం. ముడి డేటా, ల్యాబ్ నోట్‌బుక్కులు చూపమంటారు. జవాబు సరిపోతే విషయం అక్కడితో ముగుస్తుంది. సరిపోకపోతే, అసలు జవాబే రాకపోతే, ఆ రచయిత పనిచేసే సంస్థకు రాస్తారు. 1997లో బ్రిటన్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కలిసి మొదలుపెట్టిన ‘కోప్’ అనే సంస్థ ఈ మెట్లన్నిటినీ బొమ్మలు గీసి మరీ వివరించింది. ప్రపంచంలోని వేలాది జర్నళ్లు ఆ పద్ధతినే పాటిస్తున్నాయి.

జర్నల్‌కు ల్యాబ్ తలుపు తెరిపించే అధికారం లేదు. ఆ యంత్రం నిజంగా ఆ విభాగంలో ఉందా, ఆ రసాయనం కొన్న బిల్లు ఉందా అన్నవి సంస్థ వెతకాల్సినవే. జర్నల్ చేతిలో ఉన్నదల్లా తను అచ్చేసిన కాగితం. మనిషిని దండించాల్సింది జీతమిచ్చే చోటు.

ఈ పని విభజన మన తిరుపతిలో స్పష్టంగా కనిపించింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ఆచార్యుడు పి. చిరంజీవి పేరుతో 2004–2007 మధ్య సుమారు 25 అంతర్జాతీయ జర్నళ్లలో వచ్చిన 70 దాకా పత్రాల్లో కాపీ చేసినవీ, కల్పించినవీ ఉన్నాయని తేలింది. దీన్ని బయటికి లాగినవారిలో ముఖ్యుడు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖ ఆచార్యుడు పూర్ణేందు దాస్‌గుప్తా. 2008 మొదట్లో ఈ సంగతి ప్రపంచమంతా పాకింది. జర్నళ్లు పత్రాలను వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాయి. చిరంజీవి పరిశోధక విద్యార్థులకు గైడుగా ఉండకూడదని, పరిపాలనా పదవులు చేపట్టకూడదని విశ్వవిద్యాలయం ఆంక్షలు పెట్టింది. ఉద్యోగం మాత్రం పోలేదు. ఒక్కో జర్నల్‌కు వెళ్లినవి కొన్ని పత్రాలే. వాటిని విడివిడిగా చూసిన ఎడిటర్‌కు మొత్తం కథ తెలిసే వీలు లేదు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే గుట్టు బయటపడింది.

తీర్పుల్లో మూడు మెట్లున్నాయి. చిన్న తప్పయితే సవరణ వేస్తారు. విచారణ సాగుతుంటే ‘ఈ పత్రంపై సందేహాలున్నాయి’ అని హెచ్చరిక పెడతారు. ఫలితాలను ఇక నమ్మలేమని తేలితే రిట్రాక్షన్, అంటే ఉపసంహరణ. అప్పుడు కూడా పత్రాన్ని మాయం చేయరు. ‘రద్దయింది’ అన్న ముద్ర వేసి, ఎందుకో రాసి, అక్కడే ఉంచుతారు.

తుడిచేస్తే పోయేదానికి ఉంచడమెందుకని అడగవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసును గుర్తు చేసుకోండి. దస్తావేజు రద్దయితే పాతదాన్ని పుస్తకంలోంచి చించెయ్యరు. రద్దు దస్తావేజు ఇంకొకటి రిజిస్టర్ చేస్తారు. ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) తీయిస్తే రెండూ వరసగా కనిపిస్తాయి. కొనబోయేవాడికి రక్షణ అదే. పత్రం మాయమైతే, దాన్ని నమ్మి ముందే పని మొదలుపెట్టిన పరిశోధకులకు అది చెల్లదన్న సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇక ఆలస్యం గురించి. కరోనా రోజుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ హాని చేస్తుందంటూ 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య జర్నల్ ఒక పత్రం వేసింది. 96,032 మంది రోగుల వివరాలున్నాయన్నారు. స్వతంత్ర పరిశీలకులకు ముడి డేటా ఇవ్వడానికి దాన్ని సమకూర్చిన కంపెనీ నిరాకరించింది. నలుగురు రచయితల్లో ముగ్గురు తామే వెనక్కి తగ్గారు. జూన్ 4న పత్రం రద్దయింది. అదే లాన్సెట్ 1998లో 12 మంది పిల్లల గురించి వేసిన పత్రం ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది. దాన్ని పూర్తిగా రద్దు చేసింది 2010 ఫిబ్రవరిలో, బ్రిటిష్ వైద్య మండలి విచారణ తేలాక. ఒకటి 13 రోజులు, ఇంకొకటి 12 ఏళ్లు. రచయితలు సహకరిస్తే పని చకచకా సాగుతుంది. ప్రధాన రచయిత భీష్మించుకుంటే ఇంకొకరి విచారణ కోసం కాచుకోవాల్సిందే. ఈలోగా ఎందరో తల్లిదండ్రులు పిల్లలకు టీకా వేయించడానికి భయపడ్డారు.

మన దేశంలో సంస్థల బాధ్యతను యూజీసీ 2018లో నిబంధనలుగా రాసింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. థీసిస్‌లో 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాకా ఉంటే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు. ఆపైన రిజిస్ట్రేషనే రద్దు. అండమాన్‌లో, బ్రూక్షాబాద్‌లోని పాండిచ్చేరి విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో పగడపు దిబ్బల మీద థీసిస్ రాసే పిల్లలకూ ఇదే కొలత. కానీ ఈ శాతాలు పట్టేది కాపీనే. కల్పించిన అంకెలు ఎవరి రాతతోనూ పోలవు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు చిక్కవు. అమెరికాలో ఆరోగ్య పరిశోధనల్లో మోసాలను చూడడానికి ఒక ప్రభుత్వ కార్యాలయమే ఉంది. ఇక్కడ విచారణ ఎక్కువగా ఆ సంస్థలోని కమిటీకే వదిలేస్తున్నాం. తన ఇంటి మనిషి మీద తనే తీర్పు చెప్పమంటే ఏ సంస్థకైనా చెయ్యి వణుకుతుంది. తొందరగా మారాల్సింది ఇదే.

పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. రిట్రాక్షన్ వాచ్ సంస్థ కూర్చిన రద్దు పత్రాల పట్టిక అందరికీ ఉచితం. ‘పరిశోధనలో తేలింది’ అంటూ ఫోనుకు ఏదైనా వస్తే పదిమందికి పంపేముందు పత్రం పేరు అందులో వెతకండి. శ్రీకాకుళంలో పది సెంట్లు కొనాలన్నా ఈసీ తీయిస్తాం. ఒంట్లోకి వెళ్లే మందు విషయంలో ఆపాటి జాగ్రత్త పడితే తప్పులేదు.