పింగ్ చెయ్యడమంటే

గట్టి లోహాన్ని ఏదైనా తాకినప్పుడు పుట్టే సన్నని, పొట్టి మోతను ఇంగ్లీషు చెవి ‘పింగ్’గా పట్టుకుంది. 19వ శతాబ్దంలో ఆ మాటను ఎక్కువగా తుపాకి గుండు దూసుకుపోయే చప్పుడుకు వాడేవారు. ఇలాంటి అనుకరణ శబ్దాలు తెలుగులోనూ కొల్లలు. గంట ఖంగుమంటుంది, బాణం రివ్వున పోతుంది. అయితే తెలుగులో ఆ ధ్వని సాధారణంగా ఒంటరిగా నిలబడదు. వెనక ‘అను’ అనే క్రియో, ‘ఉన’ అనే తోకో ఉండాలి. ఇంగ్లీషులో ఆ పట్టింపు లేదు. ఉన్న ముక్కనే నామవాచకంగానూ క్రియగానూ వాడేస్తారు. పింగ్ ఇన్ని రంగాల్లోకి పాకడానికి ఈ వెసులుబాటు బాగా పనికొచ్చింది.

తొలిరోజుల్లో అది ఆటల్లోకి వెళ్లింది. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో బల్ల మీద బంతి ఆట పిచ్చిగా వ్యాపించింది. తోలు బిగించిన బ్యాటుకు సెల్యులాయిడ్ బంతి తగిలితే ఒక చప్పుడు, బల్లకు తగిలితే మరో చప్పుడు. అలా ‘పింగ్‌పాంగ్’ అయింది. ఆ పేరు కాస్తా ఒక కంపెనీ సొత్తుగా నమోదు కావడంతో పోటీల ఆటకు టేబుల్ టెన్నిస్ అనే పేరే స్థిరపడింది.

మాటకు అసలు మలుపు సముద్రంలో వచ్చింది. నీటి అడుగున దాక్కున్న జలాంతర్గామిని పట్టుకోవాలంటే ఓడ నుంచి ఒక ధ్వనిని వదలాలి. అది దేనికైనా తగిలి ప్రతిధ్వనిగా వెనక్కి రావాలి. ఈ పద్ధతే సోనార్. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు వెళుతుంది. వదిలిన ధ్వని 2 సెకన్లకు తిరిగొచ్చిందంటే అడ్డుపడ్డ వస్తువు దాదాపు 1,500 మీటర్ల దూరంలో ఉన్నట్టు. రెండో ప్రపంచ యుద్ధకాలపు నావికులు ఈ ధ్వనినే పింగ్ అనేవారు. జలాంతర్గాములు మాత్రం తాము పింగ్ చెయ్యడానికి సాధారణంగా ఇష్టపడవు. ఎదుటివాడి ఆచూకీ తెలిసేలోపు తమ ఆచూకీ బయటపడుతుంది మరి! అప్పటిదాకా ఉత్త చప్పుడుగా ఉన్న పింగ్ ఇక్కడే ఒక ప్రశ్న అయింది. జవాబు వస్తేనే దానికి సార్థకత.

ఆ ప్రశ్నను కంప్యూటర్లలోకి తెచ్చినవాడు మైక్ మూస్. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేస్తూ 1983 డిసెంబరులో, నెట్‌వర్కు ఎక్కడ మొరాయిస్తోందో కనిపెట్టడానికి ఆయన ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. ఒక కంప్యూటర్ నుంచి మరో దానికి ‘ప్రతిధ్వని పంపు’ అని అడిగే చిన్న సమాచారపు పొట్లం వెళుతుంది. అది అందుకున్న కంప్యూటర్ అదే పొట్లాన్ని తిప్పి పంపుతుంది. మధ్యలో పట్టిన సమయం తెరమీద కనబడుతుంది. సోనార్ పనితీరుతో పోలిక ఉంది కాబట్టే దానికి పింగ్ అని పేరు పెట్టానని మూస్ చెప్పుకున్నాడు. పింగ్‌లోని ఇంగ్లీషు అక్షరాలకు మాటలు అతికించి చెప్పే పూర్తి పేరు తర్వాత ఇంకొకరు కల్పించినది.

అలా పట్టిన సమయాన్నే ఆన్‌లైన్ ఆటలు ఆడే కుర్రకారు పింగ్ అంటారు. ‘పింగ్ ఎక్కువుంది’ అంటే మీట నొక్కిన సంగతి సర్వరుకు చేరి తిరిగి రావడానికి ఆలస్యమవుతోందని అర్థం. డబ్బు పెట్టినా దీన్ని ఒక హద్దు దాటి తగ్గించలేరు. సమాచారాన్ని మోసే గాజు తీగలో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా సాగినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది. నిజానికి తీగలు అంత తిన్నగా ఉండవు.

చప్పుడు వినబడకపోయినా పేరు మాత్రం అంటుకునే ఉంది. విమానాల బ్లాక్ బాక్సుకు తగిలించే పింగర్ నీటిలో మునిగాక 37.5 కిలోహెర్ట్‌జ్ ధ్వనిని వదులుతుంది. మనిషి చెవి పరిమితి 20 కిలోహెర్ట్‌జ్ దగ్గరే ఆగిపోతుంది కనుక అది పరికరాలకే తప్ప మనకు వినిపించదు. 2014లో గల్లంతైన మలేసియా విమానం ఎంహెచ్370 కోసం హిందూ మహాసముద్రంలో గాలించినప్పుడు ఈ మాట ప్రపంచమంతా మోగింది. 2021 వేసవిలో బ్రిటన్‌లో కోవిడ్ యాప్ లక్షలమందికి ‘రోగి దగ్గర్లో మసిలారు, ఇంట్లోనే ఉండండి’ అని హెచ్చరికలు పంపితే, పత్రికలు పింగ్‌ను పాండెమిక్‌తో ముడివేసి ‘పింగ్‌డెమిక్’ అనే మాటను ప్రచారంలో పెట్టాయి.

ఇక ‘ఫ్రీ అయ్యాక పింగ్ చెయ్యి’ అనేది హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కొలువుల్లో రోజూ వినబడే మాట. చాటింగ్‌లో ఒక చిన్న సందేశం పెట్టమనే దాని అర్థం. ఫోన్ చేస్తే అవతలివాళ్లు పని ఆపాలి, ఈమెయిల్ రాయాలంటే సంగతంతా వివరించాలి. పింగ్‌కు ఈ రెండు బాధలూ లేవు. ఉన్నారా, మాట్లాడొచ్చా అని అడిగి ఊరుకుంటుంది. కొందరు ఒక్క ‘హాయ్’ కొట్టి, జవాబొచ్చేదాకా విషయం చెప్పకుండా కూర్చుంటారు. అవతలివాళ్లకు విసుగు తెప్పించినా, సోనార్ అర్థానికి అత్యంత దగ్గరగా ఉండే వాడకం అదే. పెద్దవాళ్లతో ‘పింగ్ చెయ్యండి సార్’ అని నోటితో అనేవాళ్లు కూడా, అర్జీలోనో అధికారిక లేఖలోనో ఆ మాట రాయరు. అక్కడ ‘తెలియజేయగలరు’ అనే రాస్తారు.