వెండి పోయినా ఊరు పోలేదు
కొండల మీద గని గురుతులకు కాపలా కాస్తున్న పార్క్ సిటీ

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సుమారు 7,000 అడుగుల ఎత్తున, కొండల నడుమ పార్క్ సిటీ అనే చిన్న ఊరు ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం దాదాపు 8,400. ఒకప్పుడు ఆ ఊరికి వెండి గనులు అన్నం పెట్టాయి. ఇప్పుడు మంచు పెడుతోంది. చలికాలంలో కాళ్ళకు పొడవాటి పట్టీలు బిగించుకుని మంచు వాలు మీద జారే స్కీయింగ్ ఆట కోసం దేశదేశాల నుంచి జనం వస్తారు. వారు జారే దారి పక్కనే పాత గనుల కట్టడాలు చెక్క కుళ్ళి, ఇనుము తుప్పుపట్టి కనిపిస్తాయి. అవి నేలమట్టం కాకముందే నిలబెట్టుకోవాలని ఊరివారు తంటాలు పడుతున్నారు.

27 వేల డాలర్ల గని

1868 ప్రాంతాల్లో ఈ కొండల్లో సైనికులు వెండి జాడ కనిపెట్టారు. 1872లో బయటపడిన ఆంటారియో గనిని జార్జి హర్‌స్ట్ అనే వ్యాపారి 27,000 డాలర్లకు కొన్నాడు. ఆ గని ఆయనకు కోట్లు కురిపించింది. అమెరికా పత్రికా రంగాన్ని ఏలిన విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ ఆయన కొడుకే. 1884లో పార్క్ సిటీ పట్టణంగా నమోదైంది.

సిరితోపాటు కష్టాలూ వచ్చాయి. 1898 జూన్ 19న ఒక హోటల్లో అంటుకున్న మంటలకు సుమారు 200 కట్టడాలు బూడిదయ్యాయి. ఊరివారు బెదరలేదు, అదే చోట మళ్ళీ కట్టుకున్నారు. నేడు ప్రధాన వీధిలో కనిపించే పాత భవనాల్లో చాలావరకు ఆ తర్వాత లేచినవే.

1902 జూలై 15 రాత్రి డేలీ వెస్ట్ గనిలో మందుగుండు నిల్వ పేలింది. విషవాయువు సొరంగాల వెంట పక్క గనికీ పాకింది. మొత్తం 34 మంది కార్మికులు చనిపోయారు. 1904లో కార్మికుల కోసం ఒక ఆస్పత్రి వెలిసింది. 1979లో ఆ భవనాన్ని కూల్చనివ్వకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే కదిలించి ఊరి పార్కుకు తరలించారు. ఇల్లు పీకి పందిరి వేసిన కథలు చాలా విన్నాం. ఇల్లు ఇల్లుగానే మోసుకుపోవడం మాత్రం అరుదు.

గని రైల్లో మంచు ఆటకు

వెండి ధర పడిపోయేసరికి ఊరు ఖాళీ కాసాగింది. 1950ల నాటికి దీన్ని పాడుబడ్డ ఊళ్ళ జాబితాలో చేర్చినవారూ ఉన్నారు. అప్పుడు గని కంపెనీయే కొత్త దారి వెతికింది. కేంద్ర ప్రభుత్వం నుంచి 12 లక్షల డాలర్లకు పైగా అప్పు తెచ్చి, కొండ మీద స్కీయింగ్ కేంద్రం కట్టింది. 1963 డిసెంబరు 21న అది మొదలైంది.

1960ల మధ్యలో ఒక వింత ఏర్పాటు చేశారు. ఆటగాళ్ళను గని రైలెక్కించి, సొరంగంలో సుమారు 3 మైళ్ళు కొండ లోపలికి తీసుకుపోయేవారు. అక్కడి నుంచి గని లిఫ్టులో 1,750 అడుగులు పైకి లాగి మంచు మీదకు వదిలేవారు. ప్రయాణం చీకటి, చలి, పై నుంచి నీటి చుక్కలు. సరదా పడ్డవారు ఉన్నా రెండోసారి ఎక్కేవారు తక్కువ. కొన్నేళ్ళకే దాన్ని ఆపేశారు. 1982లో గనుల తవ్వకమూ ఆగిపోయింది.

పోగొట్టుకున్నాక తెలిసింది

1979లో ప్రధాన వీధి జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది. అయినా ముప్పు తప్పలేదు. సిల్వర్ కింగ్ గని నుంచి ఖనిజాన్ని తీగల మీద వేలాడే తొట్లలో ఊళ్ళోకి దించేవారు. ఆ తొట్లు ఆగే పెద్ద కట్టడం ఊరికి ఆనవాలుగా ఉండేది. 1982లో అది కాలిపోయింది. ఆ తీగలు మోసిన స్తంభాలు మాత్రం కొండ వాలున నేటికీ ఉన్నాయి.

రెండేళ్ళ తర్వాత, 1984లో, పాత పురపాలక భవనంలో మ్యూజియం తెరిచారు. దాని నేలమాళిగలో నాటి జైలు గదులు ఉన్నాయి. 2009లో దాన్ని పెంచి మళ్ళీ ప్రారంభించారు. గని పనిముట్లూ పాత ఫొటోలూ అక్కడ భద్రం చేస్తున్నారు.

2015 మే నెలలో మరో దెబ్బ తగిలింది. 34 మందిని పొట్టనబెట్టుకున్న డేలీ వెస్ట్ గని నోటి మీది ఇనుప చట్రం కూలింది. బావి మీద గిలకకు దూలం ఎలాగో, గనిలోకి మనుషుల్ని దించడానికి ఆ చట్రం అలాగ. గని నోటి చుట్టూ నేల కుంగడంతో అది పక్కకు ఒరిగి పడిపోయింది. ఆ ఏడాదే మ్యూజియం ఆధ్వర్యంలో ఒక బృందం ఏర్పడింది. స్కీయింగ్ కేంద్రం యాజమాన్యం, పురపాలక సంఘం, ఊరివారు కలిసి విరాళాలు పోగుచేశారు. కాలిఫోర్నియా కామ్‌స్టాక్ మిల్లు, జూపిటర్ గని ఖనిజపు గాదె వంటి కట్టడాలకు ఊతమిచ్చి నిలిపారు. పడిపోయిన చట్రాన్ని కొన్నేళ్ళ తర్వాత క్రేన్లతో తిరిగి లేపారు.

కొత్తగా కట్టి రంగులేయడం వారి ఉద్దేశం కాదు. ఉన్నది ఇంకా ఒరగకుండా ఆపడమే పని. దానికీ వేసవి నెలలే అదను. మంచు మొదలైతే కొండెక్కలేరు, ఆ మంచు బరువే కుళ్ళిన దూలాలను విరుస్తుంది.

మంచీ చెడూ రెండూ చరిత్రే

గనులు మిగిల్చినవి కట్టడాలు మాత్రమే కాదు. మిల్లుల నుంచి పారబోసిన మట్టిలో సీసం, ఆర్సెనిక్ ఉన్నాయి. ఊళ్ళో ఒక పేట ఆ మట్టి మీదే లేచింది. అందుచేత అక్కడ నేలను మంచి మట్టితో కప్పి ఉంచాలని పురపాలక సంఘం నిబంధన పెట్టింది. ఏ గుంట తవ్వినా ఆ మట్టిని ఇష్టమొచ్చిన చోట పోయడానికి వీల్లేదు. మరోవైపు జడ్జ్, స్పైరో సొరంగాల నుంచి ఊరే నీటినే శుద్ధి చేసి ఊరికి తాగడానికి ఇస్తున్నారు. వెండి కోసం తవ్విన సొరంగాలు దాహం తీరుస్తున్నాయన్న మాట. పాత గని పటాలు పారేసి ఉంటే విషం ఎక్కడుందో, నీరు ఎక్కడుందో తెలుసుకోవడం ఎంత కష్టమయ్యేదో!

2002 శీతాకాల ఒలింపిక్స్‌లో కొన్ని పోటీలు పార్క్ సిటీలో జరిగాయి. 2034 ఒలింపిక్స్ మళ్ళీ యూటాకే దక్కాయి. ఈలోగా భూమి ధరలు ఆకాశాన్నంటాయి. గని కార్మికుల చిన్న చెక్క ఇళ్ళున్న స్థలాలకు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. గనిలో దిగిన తరం తరిగిపోతున్నది. గోడలు నిలబెట్టడానికి డబ్బు పోగవుతుంది. ఏ సొరంగంలో ఎవరు ఏ పని చేశారో చెప్పగల పెద్దలు పోతే మాత్రం తెచ్చే క్రేను లేదు.

చరిత్ర అంటే రాజులూ కోటలే కానక్కరలేదు. కూలివాడు దిగిన గని, ఊరు తాగిన నీరు, కాలిన వీధి కూడా చరిత్రే. ఆ సంగతి పార్క్ సిటీ కొంత పోగొట్టుకున్నాకే గ్రహించింది. పోనిది ఇంకా కొంత ఉండగానే మేలుకున్నది.