పండ్ల జెల్లీ: మన వేడికి తగిన పద్ధతి

కొవ్వూరు చుట్టుప్రక్కల గ్రామములకు అరటి పంట కొత్తది కాదు. గోదావరి లంకలలోను, గట్టు వెంబడి నేలలలోను కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి, బొంత మొదలగు రకములను రైతులు పెంచుచున్నారు. అరటిపై పరిశోధన చేయు ఉద్యాన పరిశోధన స్థానము కొవ్వూరులోనే ఉన్నది.

పండునకు కొదువ లేకున్నను, ఇంట వ్రేలాడదీసిన గెల అంతయు ఒక్కసారిగా మాగినప్పుడు గృహిణికి చిక్కు వచ్చును. అమృతపాణి పండు మాగిన పిమ్మట గెలనుండి ఊడి రాలిపోవును. రెండు మూడు దినములలో తొక్క నల్లబడును. రోజూ అదే పండు పెట్టినచో పిల్లలు ముఖము త్రిప్పుకొందురు. చివరకు కష్టపడి పండించిన పండు పశువుల గాడికి చేరును. పెరటి బొప్పాయి సంగతియు ఇంతే. ఆ పండ్లనే ముక్కలుగా తరిగి జెల్లీలో పెట్టి ఇచ్చినచో పిల్లలు అడిగి మరీ తిందురు.

అయితే జెల్లీ చేయబూనిన వారిలో పలువురు ఒకసారి చేసి మానివేయుదురు. “గడ్డకట్టలేదు” అని కొందరు, “వడ్డించులోగానే నీరైపోయినది” అని మరికొందరు చెప్పుదురు. “ఇది శాకాహారమేనా?” అని అడుగువారును కలరు. ఈ మూడింటికిని సమాధానము, గడ్డకట్టించు పదార్థమును గురించి తెలిసికొన్నచో దొరకును.

జెలటిన్ అనగా నేమి?

మేక కాళ్ళ పులుసు బాగుగా కాచి చల్లార్చినప్పుడు పేరుకొనుట కొందరు చూచియే ఉందురు. చర్మమునందును, ఎముకలయందును ఉండు ఒక మాంసకృత్తు వేడికి కరగి పులుసులోనికి దిగుటయే దీనికి కారణము. ఆ మాంసకృత్తును శుద్ధిచేసి పొడిగానో, పలుచని రేకులుగానో అమ్ముదురు. అదే జెలటిన్. కాబట్టి ఇది శాకాహారము కాదు. బజారులో దొరకు జెల్లీ పొట్లములలో కొన్నిటియందు జెలటిన్, కొన్నిటియందు సముద్రపు నాచునుండి తీసిన పదార్థములు ఉండును. పొట్లముపై ఆకుపచ్చ గుర్తున్నచో శాకాహారము. గోధుమరంగు గుర్తున్నచో కాదు.

జెలటిన్ చల్లదనములో పేరుకొనును. సుమారు 30 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి తిరిగి కరగును. నోటిలో పెట్టగానే వెన్నవలె కరగుట ఈ గుణమువలననే. కాని మన డెల్టాలో వేసవి మధ్యాహ్నపు ఎండ తరచు 40 డిగ్రీలు దాటును. రిఫ్రిజిరేటరునుండి తీసిన జెలటిన్ జెల్లీ పంక్తి ముగియులోగా నీరగుటలో ఆశ్చర్యము లేదు. అది చేసినవారి లోపము కాదు.

అనాస, బొప్పాయిలతో వచ్చు చిక్కు

ముదురు మాంసము త్వరగా ఉడుకుటకు పచ్చి బొప్పాయి ముక్క వేయుట మన యిండ్లలో ఎరిగిన ఉపాయమే. బొప్పాయిలోని పాపెయిన్ అను పదార్థము మాంసకృత్తులను విడగొట్టును. అనాసలోని బ్రోమలిన్ కూడ అట్టిదే. జెలటిన్ మాంసకృత్తే గనుక పచ్చి అనాస ముక్కలు వేసినచో ఎంతసేపుంచినను గడ్డకట్టదు. అంజూరము, పచ్చి అల్లము కూడ ఇదే పని చేయును.

దీనికి విరుగుడు సులభము. ఆ ముక్కలను చక్కెర నీటిలో ఐదు నిమిషములు బాగుగా ఉడికించి, చల్లార్చి వాడవలెను. వేడికి ఆ గుణము నశించును. డబ్బాలోని అనాస ముక్కలు ముందే వేడిచేయబడినవి కాబట్టి చిక్కు పెట్టవు. అరటి, బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ పండ్లను ఉడికింపక వేయవచ్చును.

చైనా గ్రాస్

మన యిండ్లకు ఎక్కువ అనువైనది చైనా గ్రాస్. దీనినే అగర్ అగర్ అందురు. పేరులో గడ్డి ఉన్నను ఇది గడ్డి కాదు, సముద్రపు నాచునుండి తీసినది. తమిళనాడులో రామేశ్వరము, మండపము ప్రాంతపు సముద్రములో ఇట్టి నాచు దొరకును. చైనా గ్రాస్ పోగులుగాను, పొడిగాను అమ్ముదురు.

దీనిని నీటిలో మరగించినగాని కరగదు. చల్లారి 35-40 డిగ్రీలకు వచ్చుసరికి గడ్డకట్టును. ఒకసారి గడ్డకట్టినది సుమారు 85 డిగ్రీలవరకు కరగదు. ఇది మాంసకృత్తు కాదు గనుక అనాసయు, బొప్పాయియు దీనిని చెరుపలేవు. అయితే జెలటిన్ వలె నోటిలో కరగక, తాటిముంజె కంటె కొంచెము పెళుసుగా తెగును.

ఈ గుణము ఒకప్పుడు విజ్ఞానశాస్త్రమునకే మేలుచేసినది. 1881లో జర్మనీలో వాల్టర్ హెస్సే అను వైద్యుడు సూక్ష్మజీవులను జెలటిన్‌పై పెంచుచుండగా వేసవి వేడికి అది కరగిపోవుచుండెను. ఆయన భార్య ఫానీ హెస్సే వంటలో అగర్ వాడుచుండెడిది. దానిని వాడి చూడుమని ఆమెయే సలహా యిచ్చెను. నేటికిని ప్రయోగశాలలు అగర్‌నే వాడుచున్నవి. వంటయింటి అనుభవము తక్కువది కాదనుటకు ఇదొక నిదర్శనము.

అరటి-బత్తాయి జెల్లీ

కావలసినవి: చైనా గ్రాస్ పోగులు 10 గ్రాములు, నీరు అర లీటరు, వడగట్టిన బత్తాయి రసము అర లీటరు, చక్కెర 150 గ్రాములు, అరటిపండ్లు 4, నిమ్మకాయ 1.

1. పోగులను చిన్నవిగా త్రుంచి, అర లీటరు నీటిలో అరగంట నానబెట్టవలెను.

2. అదే నీటితో పొయ్యిమీద పెట్టి, సన్నని సెగపై పోగులు పూర్తిగా కరగువరకు కలుపుచు మరగించవలెను. చక్కెర వేసి కరగిన పిమ్మట దింపి, పలుచని గుడ్డతో వడగట్టవలెను.

3. బత్తాయి రసమును గోరువెచ్చన చేసి ఇందులో కలుపవలెను. చల్లని రసము పోసినచో చైనా గ్రాస్ వెంటనే పోగులు పోగులుగా పేరుకొనును. పుల్లని రసమును దానితో కలిపి మరగించినచో గడ్డకట్టు శక్తి తగ్గును. కాబట్టి దింపిన తరువాతనే కలుపవలెను.

4. అరటి చక్రములకు నిమ్మరసము పట్టించవలెను. అప్పుడు నల్లబడవు.

5. పళ్ళెములో సగము ద్రవము పోసి, పైభాగము చిక్కబడుచుండగా ముక్కలు పేర్చవలెను. మిగిలిన ద్రవమును వేడినీటి గిన్నెలో ఉంచి, గడ్డకట్టకుండ కాపాడి, ముక్కలపై పోయవలెను. క్రిందిపొర పూర్తిగా ఆరిన పిమ్మట పోసినచో రెండు పొరలు అతుకవు.

6. పళ్ళెమును చల్లని నీటి బేసినులో ఉంచి, గడ్డకట్టిన తరువాత కోయవలెను.

జెలటిన్‌తోనే చేయదలచినవారు అర లీటరు ద్రవమునకు 10 గ్రాములు తీసికొని, చల్లని నీటిలో పది నిమిషములు నానబెట్టి, వేడి ద్రవములో కరగించవలెను. మరగనీయరాదు. రిఫ్రిజిరేటరులో నాలుగైదు గంటలుంచవలెను.

కొబ్బరి నీళ్ళ జెల్లీ

10 గ్రాముల చైనా గ్రాస్‌ను పావు లీటరు నీటిలో పైవిధముగా నానబెట్టి కరగించవలెను. మరగునప్పుడు నీరు ఇగిరినచో కొంచెము వేడినీరు చేర్చవలెను. ముప్పావు లీటరు లేత కొబ్బరి నీళ్ళను వేడిచేసి, 50 గ్రాముల చక్కెరతో కలిపి పోయవలెను. కొబ్బరి నీళ్ళను మరగించినచో రుచి చెడును. లేత కొబ్బరి ముక్కలు వేసినచో బాగుండును.

కూరగాయల సలాడ్

కీరదోస, క్యారెట్ సన్నగా తరిగి, ఉప్పు చల్లి, ఊరిన నీరు వంచివేయవలెను. లేనిచో ఆ నీటికి జెల్లీ వదులగును. ఉడికించిన బఠాణీలు, కొత్తిమీర, మిరియాల పొడి చేర్చవలెను. లీటరు నీటికి 12 గ్రాముల చైనా గ్రాస్ కరగించి, దింపి, నిమ్మరసము, తగినంత ఉప్పు కలిపి, ముక్కలపై పోయవలెను. ముక్కలుగా కోసి పెరుగుతో వడ్డించవచ్చును.

జాగ్రత్తలు

గడ్డకట్టినంత మాత్రమున నిలువయుండునని తలపరాదు. జెల్లీ జామ్ వంటిది కాదు, తాండ్ర వంటిదియు కాదు. వేడి దినములలో గడ్డకట్టిన వెంటనే తినవలెను. రిఫ్రిజిరేటరులో మూతపెట్టి ఉంచినను రెండవ దినము దాటనీయరాదు. పసిపిల్లలకు పెద్ద ముక్కలు ఇచ్చినచో గొంతుకు అడ్డుపడు ప్రమాదము కలదు. చిన్నవిగా కోసి, కూర్చుండబెట్టి, దగ్గరనుండి తినిపించవలెను. మధుమేహము గలవారికి ఈ చక్కెర తగదు. పండును పండుగా తినగలవారికి జెల్లీతో పనిలేదు. తినని పిల్లలకును, మాగి వృథా కానున్న పండ్లకును ఇది ఉపాయము.

గ్రామ అధికారులు, ఉద్యాన సహాయకులు మహిళా సంఘముల సమావేశములలో దీనిని చేసి చూపవచ్చును. ముందునాడే మూడు గిన్నెలు సిద్ధము చేసి, రాత్రి రిఫ్రిజిరేటరులో ఉంచవలెను. మొదటిదానిలో జెలటిన్‌తో పచ్చి అనాస, రెండవదానిలో జెలటిన్‌తో ఉడికించిన అనాస, మూడవదానిలో చైనా గ్రాస్‌తో పచ్చి అనాస వేయవలెను. మరునాడు మొదటిది నీరుగానే ఉండును. తక్కిన రెండును గడ్డకట్టియుండును. పిమ్మట మూడింటిని బల్లపై ఉంచినచో కొంతసేపటికి రెండవదియు కరగును, మూడవది నిలుచును. వచ్చినవారికి ఇంతకంటె వేరు ఉపన్యాసము అక్కరలేదు. జెల్లీని అమ్మదలచినవారు ముందుగా ఆహార భద్రత శాఖ నమోదు పొందవలెను.

ఈ వారము ఇంట మాగిన గెలలో నాలుగు పండ్లతో మొదలుపెట్టి చూడుడు.