దూరదేశపు మనుమలు – తాతయవ్వల వంతు



నేటి ప్రసంగ విషయము మీకు క్రొత్తది కాదు. సాయంకాలము అరుగులమీద గూర్చుండి మనము చెప్పుకొను మాటలలో సగము దీనిని గూర్చినవే. "మనుమరాలు పుట్టి యేడాది నిండినది, ఇంతవఱకు చేతులార నెత్తుకొనలేదు" అని యొకరందురు. "ఈ సంక్రాంతికైన వత్తురో రారో" అని వేఱొకరందురు. కొందఱి పిల్లలు హైదరాబాదునను బెంగుళూరునను ఉన్నారు. కొందఱి పిల్లలు సముద్రముల కావల నున్నారు. నా మనుమలు ఇద్దఱు అమెరికా తూర్పుతీరమున న్యూయార్కు ప్రాంతమున పెరుగుచున్నారు. మా గ్రామమున ముప్పదియేండ్లు పరుల బిడ్డలకు అక్షరములు దిద్దించిన నాకు, నా మనుమని అక్షరాభ్యాసమునాడు వాని చేయి పట్టుకొను భాగ్యము లేకపోయినది. కనుక నేను చెప్పబోవునది పొరుగింటి ముచ్చట కాదు. మనుమల శుభకార్యములలోను పండుగలలోను తాతయవ్వలకు గల వంతు ఎట్టిది, దూరమున నుండియు దానిని ఎట్లు నెఱవేర్చుకొనవచ్చును అనునదియే నేటి విషయము.

ఈ బాధ మనతో మొదలైనది కాదు. వాల్మీకి రామాయణమును చూడుడు. కైకేయి తండ్రియైన కేకయరాజునకు దౌహిత్రుని జూడవలెనని కోరిక పుట్టినది. కుమారుడైన యుధాజిత్తును పంపెను. అతడు అయోధ్యకు వచ్చి, అందఱును పెండ్లికై మిథిలకు వెళ్లిరని విని, అక్కడికే పోయి మేనల్లుని జూచెను. పెండ్లి తరువాత భరతుడు శత్రుఘ్నునితో గూడ మాతామహుని యింటికి వెళ్లెను. అక్కడ ఎంత గారాబము జరిగినను, వృద్ధుడైన తండ్రిని తలచుకొనుచునే యుండిరని కవి చెప్పినాడు.

ఇంతలో అయోధ్యలో పట్టాభిషేకమునకు సన్నాహము జరిగెను. దశరథుడు నానాదేశముల రాజులను బిలిపించియు, తొందరచేత కేకయరాజును, జనకుని మాత్రము పిలిపింపలేదు. ఈ ప్రియవార్త వారు పిమ్మట విందురులే యని యూరకుండెను. ఆ తరువాతి కథ మీ రెఱిగినదే. కైకేయి కోరిన వరములకు ఇదియే కారణమని నేననను. కాని ఇంటిలోని మహోత్సవమునకు ఒక తాతకు పిలుపు లేదు, ఒక మనుమడు ఊర లేడు అను సంగతిని కవి మఱవక చెప్పినాడు. "పిమ్మట విందురులే" అను మాట నేటికిని ఎన్నియో యిండ్లలో వినబడుచున్నది. కార్యము జరిగిన మూడవనాడు ఛాయాచిత్రము చూచి మనుమరాలికి చెవులు కుట్టించిరని తెలిసికొన్న అవ్వకు ఆ మాట బరువు తెలియును.

అదే కథలో తాత నడవడియు గమనింపదగినది. అయోధ్యనుండి దూతలు వచ్చి పిలువగా భరతుడు సెలవడిగెను. తాత తన్ను తలచినప్పుడు మరల వత్తునని తాతతో జెప్పెను. ఆ వృద్ధుడు "ఇంక నాలుగు దినములుండుము" అని పట్టుపట్టలేదు. మనుమని శిరస్సు మూర్కొని, దీవించి, కానుకలిచ్చి పంపెను. భరతుడు త్రోవలో ఏడు రాత్రులు గడపి యిల్లు చేరగా, తల్లి మొదట అడిగిన ప్రశ్నలలో తాతగారు కుశలమా అనునది యొకటి. చూడగోరుట తాత వంతు, తడవు చేయక వార్త పంపుట పిల్లల వంతు, వేళ వచ్చినప్పుడు ప్రసన్నముగా సాగనంపుట మరల తాత వంతు.

మన ఆచారములను పరిశీలించిన, ప్రతి శుభకార్యమునను పెద్దల కొక పని యేర్పడియున్నది. తొలికాన్పునకు కూతురు పుట్టినింటికి వచ్చుట అవ్వ సంరక్షణకొఱకే. నామకరణమునాడు బియ్యముమీద పేరు వ్రాయువాడు తండ్రియైనను, ఆ పేరు తఱచుగ తాతదో ముత్తాతదో అయి యుండును. అన్నప్రాశనము మగబిడ్డకు ఆఱవ మాసమున, ఆడుబిడ్డకు అయిదవ మాసమున జరుపుట వాడుక. ఆ దినము నిర్ణయించువాడు ఇంటి పెద్ద. భోగినాడు రేగుపండ్లు, చెఱకుముక్కలు, పూలరేకులు, చిల్లరనాణెములు కలిపి పిల్లల తలపై బోయుటకు అవ్వలే ముందుందురు. తెలంగాణమున దసరానాడు జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో బెట్టి పాదములకు మ్రొక్కుదురు. పుచ్చుకొను చేయి లేనిచో ఆ బంగారమునకు విలువ యేది?

ఈ పనులు రెండు తెగలు. భోగిపండ్లు పోయుట, బిడ్డకు నీళ్లు పోయుట చేతులతో చేయవలసినవి. దినము నిర్ణయించుట, పేరు చెప్పుట, కథ చెప్పుట, దీవించుట నోటితో చేయదగినవి. రెండవ తెగకు దూరము అడ్డు కాదు. మొదటి తెగను మఱియొకరి చేతికి అప్పగింపవచ్చును. మా మనుమరాలికి తొలి భోగినాడు ఆ యూర నున్న ఒక తెలుగు ముసలమ్మగారు భోగిపండ్లు పోసినారు. ఆమె మా జిల్లావారు కారు, మాకు చుట్టమును కారు. నా సహధర్మచారిణి టెలిఫోనులోని బొమ్మయందు అది చూచుచు కంటనీరు పెట్టుకొన్నది. కొంత సేపటికి కన్నులు తుడుచుకొని, ఆమె పేరును ఊరును అడిగి తెలిసికొన్నది. తరువాత అక్కడికి వెళ్లువారి చేత ఆమెకు పసుపు, కుంకుమ, ఒక రవికెగుడ్డ పంపినది. నేడు ఆ యింటితో మాకు రాకపోకల మాటలున్నవి. తన వంతు పని చేసిన చేతిని గౌరవించుటయు అవ్వ వంతులోనిదే యని నాకప్పుడు తోచినది.

ఇక కాలభేదమును గూర్చి కొంత చెప్పవలయును. దీనిని తెలియకపోవుటచేత అనేక గృహములలో మనస్తాపములు కలుగుచున్నవి. శీతకాలమున న్యూయార్కు గడియారము మనకంటె 10 1/2 గంటలు వెనుక నుండును. మార్చి మాసపు రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారము వఱకు వారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు గనుక అంతరము 9 1/2 గంటలగును. చికాగో, డల్లాసు నగరములు న్యూయార్కునకు ఒక గంట వెనుక. కాలిఫోర్నియా మూడు గంటలు వెనుక. కనుక శీతకాలమున మనకు సాయంకాలము 7 గంటలైనప్పుడు న్యూయార్కులో అదే దినము ఉదయము 8 1/2 గంటలు. శని, ఆదివారములలో ఆ వేళ మాటలాడుటకు అనువైనది. అక్కడ బిడ్డ రాత్రి 8 గంటలకు పండుకొనునప్పుడు మనకు మఱునాటి ఉదయము 6 1/2 గంటలు. నిద్రకు ముందు ఒక చిన్న కథ చెప్పుటకు తాతకు అంతకంటె మంచి వేళ లేదు.

పండుగల దినములందును భేదము కలుగును. "వారు ఉగాదిని మనకంటె ముందే చేసికొన్నారు, మన పంచాంగమును మన్నింపలేదు" అని నొచ్చుకొను పెద్దలను నేనెఱుగుదును. అందు ఎవరి తప్పును లేదు. సూర్యునకును చంద్రునకును నడుమ అంతరము 12 భాగలు పెరిగిన ఒక తిథి పూర్తియగును. ఆ తిథి మొదలగు క్షణము, ముగియు క్షణము భూమియంతటికిని ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఒక్కటి కాదు. సూర్యోదయమునకు పాడ్యమి యున్న దినము ఉగాది గదా. చైత్రశుద్ధ పాడ్యమి మనకు బుధవారము మధ్యాహ్నము 2 గంటలకు మొదలై గురువారము మధ్యాహ్నము 1 గంటకు ముగిసినదనుకొనుడు. మనకు గురువారము ఉదయము పాడ్యమి యున్నది, ఉగాది గురువారము. న్యూయార్కులో బుధవారము ఉదయము 7 గంటలకు సూర్యుడుదయించుసరికి మనకు బుధవారము సాయంకాలము 4 1/2 గంటలు. పాడ్యమి వచ్చియే యున్నది. అక్కడ గురువారపు సూర్యోదయమునకు అది గడచిపోయినది. కనుక వారికి ఉగాది బుధవారమే. ఇద్దఱును శాస్త్రమును మన్నించినవారే. ఉగాదిపచ్చడి రెండు దినములు రుచిచూచు యోగము పట్టినదని తాత నవ్వవలయును.

బిడ్డ పుట్టినతిథిని జ్ఞాపకము చేయుటయు తాతకు తగిన పని. పిల్లలు ఇంగ్లీషు తేదీ నెఱుగుదురు, తిథి నెఱుగరు. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములే గనుక తిథి ప్రకారము జన్మదినము ఏటేట 11 దినములు ముందునకు జరుగుచు, 32, 33 మాసముల కొకసారి వచ్చు అధికమాసముతో మరల వెనుకకు పోవును. ఉగాదినాడు క్రొత్త పంచాంగము చేతికి రాగానే మనుమలందఱి తిథులును చూచి, ఏ యేడు ఏ దినము వచ్చునో ఒక కాగితముమీద వ్రాసి పంపుడు. అక్కడ దీపము వెలిగించుట వారి పని.

రాకపోకలను గూర్చి రెండు మాటలు. వారు ఇక్కడికి వచ్చినప్పుడు చిన్నపిల్లలకు రాత్రింబవళ్లు తాఱుమాఱగును. నాలుగైదు దినములు పగలు నిద్రపోవుదురు, నడిరేయి లేచి ఆడుకొందురు. ఆ దినములలో చుట్టముల యిండ్లకు త్రిప్పరాదు. నీళ్లు కాచి యీయవలయును, దోమతెర కట్టవలయును. సెలవు రెండు మూడు వారములే యని రోజులు లెక్కించి వారియెదుట నిట్టూర్చిన, వచ్చిన సంతోషము వారికిని నిలువదు. బిడ్డ తెలుగు నంటినంటి పలికిన నవ్వరాదు. బడిలో నేను చూచినంతవఱకు, ఒకసారి నవ్విన తరువాత ఆ బిడ్డ నోరు తెఱవదు. చిన్న వాక్యములతో మీరే మాటలాడుడు. వినుట నేర్చిన చెవి నోటిని తానే నడిపించును. బిడ్డచేత ఒక మామిడిమొక్కను నాటింపుడు. ఆ మొక్క యెంత యెదిగినదో అడుగుటకు ఏడాది పొడుగున వానికొక కారణముండును.

మీరు అక్కడికి పోదలచిన, అమెరికా అనుమతిపత్రమునకు 2009 నుండి హైదరాబాదులోనే విచారణ జరుగుచున్నది. చూడవచ్చిన పెద్దలకు సాధారణముగా ఒక్కొక్క పర్యాయము ఆఱు మాసముల వఱకు ఉండుటకు సెలవిత్తురు. అక్కడ పగలంతయు ఇల్లు శూన్యముగ నుండును. పిల్లలు బడికిని, పెద్దలు ఉద్యోగములకును పోవుదురు. సాయంకాలము బిడ్డ ఇల్లు చేరు వేళను మీదిగా నేర్పఱచుకొనుడు.

పూర్వులకు ఈ సాధనములు లేవు. ఈ దేశమున పోస్టుకార్డు వచ్చినది 1879లో; పావు అణాకు కుశలవార్త నడచెను. పుట్టుకను, చావును తెలిపిన తంతివార్త 2013లో నిలిచిపోయినది. 19వ శతాబ్దమున చెఱకుతోటల పనికై మారిషసు ద్వీపమునకు వెళ్లిన తెలుగువారికి ఊరినుండి ఉత్తరము వచ్చుటయే దుర్లభము. అయినను వారి సంతతి ఉగాదిని విడువలేదు. ఆ దేశమున ఉగాది నేటికిని ప్రభుత్వపు సెలవుదినము. సముద్రము దాటిన మొదటి తరమువారు తమ మనుమలకు చెప్పుకొనుచు రానిచో అది నిలిచెడిది కాదు.

ఇక కడపటి మాట. మన పెద్దలు ఇంట బిడ్డ పుట్టినప్పుడు పంచాంగపు పుట అంచుమీద తిథి, వార, నక్షత్రములు వ్రాసియుంచెడివారు. మీరొక గట్టియట్ట పుస్తకము తీసికొనుడు. ఇంటిపేరు, ఆ పేరు వచ్చిన యూరు, గోత్రము. తండ్రి వైపునను తల్లి వైపునను మూడు తరముల పేర్లు. ప్రతి బిడ్డయు పుట్టిన తేదీ, వేళ, ఊరు, తిథి. ఎవరు ఏ పండుగకు వచ్చిరి, ఏమి తిని సంతోషించిరి అన్నియు వ్రాయుడు. తర్పణమున తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పవలయును. తర్పణవిధి లేని యిండ్లలోను సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుట కలదు. తెలంగాణమున పెత్రమాసనాడు పెద్దలను తలచుకొందురు. రేపు ఆ పేర్లు చెప్పవలసినవాడు వేల మైళ్ల దూరమున పెరుగుచున్న ఆ పసివాడే. తెలియని పేరును వాడెట్లు చెప్పును?

నడిరేయి మనుమనికి జ్వరమని విన్నప్పుడు నుదుటిమీద చేయి వేయలేని వెలితిని ఏ యంత్రమును తీర్పదు. అది ఉన్నదే. తక్కిన పనులు మాత్రము మన చేతిలోనివి. వానిలో ఒక్కదానిని ఈ వారముననే మొదలిడుడని పెద్దలను కోరుచున్నాను.