బ్యాగు మారిందని మనకు తెలుసు.. మల్లేశ్‌కు తెలియదు!
కథలో ఉత్కంఠ ఎలా పుడుతుంది? రాయాలనుకునే విద్యార్థుల కోసం..

జడ్చర్ల బస్టాండు, ఉదయం ఏడు గంటలు. డిగ్రీ పాసైన మల్లేశ్ అనే కుర్రాడు హైదరాబాద్‌లో పది గంటల ఇంటర్వ్యూకు బయల్దేరాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ నల్ల బ్యాగులో ఉన్నాయి. బస్సెక్కాడు, ఆరాంఘర్‌లో దిగాడు, ఆఫీసుకు చేరాడు. లోపలికి పిలిచాక బ్యాగు తెరిస్తే.. ఎవరివో పెళ్లి పత్రికలు!

చదివేవాడు ఉలిక్కిపడతాడు. పేజీ తిప్పేలోపు ఆ అదురు పోతుంది.

ఇప్పుడు అదే కథను కాస్త మార్చి చూడండి. బస్టాండులో మల్లేశ్ చాయ్ తాగుతుండగా, పక్కనున్న పెద్దాయన పొరపాటున అతని బ్యాగు తీసుకుని కల్వకుర్తి బస్సెక్కాడు. మనం చూశాం, మల్లేశ్ చూడలేదు. ఇక బాలానగర్ దాటినా, రాయికల్ టోల్‌గేట్ దగ్గర బస్సు ఆగినా, షాద్‌నగర్‌లో డ్రైవర్ చాయ్‌కి దిగినా మన ప్రాణం గిలగిలలాడుతుంది. 'ఒక్కసారి జిప్పు తీసి చూడరాదురా!' అనాలనిపిస్తుంది. మారింది సంఘటన కాదు, చెప్పిన వరుస.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రుఫోకి ఇచ్చిన ఇంటర్వ్యూలో ఇదే సంగతిని బాంబు ఉదాహరణతో చెప్పాడు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే, పేలినప్పుడు కొన్ని సెకన్ల షాక్ మాత్రమే. ముందే తెలిస్తే ఆ బల్ల దగ్గర జరిగే పనికిమాలిన ముచ్చట కూడా ఊపిరి బిగపట్టి వింటాడు. కొత్తగా రాసేవాళ్లు చాలామంది అన్నీ దాచిపెట్టడమే సస్పెన్స్ అనుకుంటారు. ఎంత దాచాలన్నదానికంటే ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నదే అసలు లెక్క.

భేతాళుడి ఉచ్చు

తెలిసి భయపడటం ఒక్కటే చాలదు. పాత్రకు రెండు దారులుండాలి, రెండింటిలోనూ నష్టం ఉండాలి. దీనికి హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు. చందమామలో భేతాళ కథలు చదివిన ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ప్రతి కథా ఇలాగే ముగుస్తుందని తెలిసినా జనం ఏళ్ల తరబడి చదివారు.

మల్లేశ్‌నూ ఆ ఉచ్చులో పెట్టండి. షాద్‌నగర్‌లో బ్యాగు మారిందని తెలిసింది. వెనక్కి పోతే ఇంటర్వ్యూ టైం దాటిపోతుంది. ముందుకు పోతే చేతిలో కాగితం లేదు. ఇంట్లో పరిస్థితి కూడా రెండు వాక్యాల్లో చెప్పి ఉంటే, ఉదాహరణకు కోచింగ్ కోసం నాన్న చేసిన అప్పు, చదివేవాడు ఇక పక్కకు జరగడు. ఏం పోతుందో తెలియని పాత్ర గురించి ఎవరూ కంగారు పడరు.

యండమూరి వీరేంద్రనాథ్ 'అభిలాష' పట్టు అక్కడే ఉంది. ఉరిశిక్ష రద్దు కావాలని పోరాడే లాయరు చివరికి తనే ఆ శిక్ష అంచుకు చేరతాడు. 1983లో సినిమాగానూ వచ్చింది. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆయన 'తులసిదళం' దారి వేరు. పాపకు వచ్చింది జబ్బా, చేతబడా అన్న అనుమానాన్ని రెండు వైపులా లాగుతూ పోతుంది.

ఎక్కడ ఆపాలి?

పాలమూరు పల్లెల్లో బుడగ జంగాల కథ విన్నవాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపి చదివింపులు అడుగుతారు. ఎవరూ లేచి పోరు. వారపత్రిక సీరియల్ అయినా, ఇప్పటి వెబ్ సిరీస్ ఎపిసోడ్ అయినా అదే సూత్రం. అయితే 'తలుపు చప్పుడైంది' అని ఆపి, వచ్చే భాగంలో పాలవాడిని నిలబెడితే ఒక్కసారికి నవ్వి ఊరుకుంటారు. రెండోసారి చదవడం మానేస్తారు. ఆపిన చోట నిజంగా ఏదో తేలాల్సి ఉండాలి.

ఎడాపెడా సాగదీయడం కూడా ఉత్కంఠ కాదు. టోల్‌గేట్ దగ్గర బస్సు ఆగితే కథకు పనికొస్తుంది, ఎందుకంటే గడియారం నడుస్తోంది. అక్కడ కొండల వర్ణన పెడితే పనికిరాదు.

రాసి బతకొచ్చా?

అవకాశాలైతే పెరిగాయి. పత్రికల కథలు, సీరియళ్లతో పాటు ప్రతిలిపి, ఆడియో కథల యాప్‌లు, ఆహా వంటి ఓటీటీలు వచ్చాయి. ఆడియో కథకు చెవికి ఆనే మాట కావాలి. 'యాడికి వోతున్నవ్‌రా?' అని సహజంగా రాయగలగడం పాలమూరు విద్యార్థికి అదనపు బలమే. కానీ దీన్ని నమ్ముకుని గ్రూప్స్ ప్రిపరేషనో, క్యాంపస్ ఇంటర్వ్యూలో వదిలెయ్యమని మాత్రం చెప్పలేం. యండమూరి చార్టర్డ్ అకౌంటెంట్‌గా చదువుకున్నవారే. రోజుకో పేజీ రాస్తూ రెండూ నడపొచ్చు.

రాసింది ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒప్పందం పూర్తిగా చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కులు వేరొకరికి బదిలీ కావాలంటే మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎంతకాలానికి ఇస్తున్నారో అందులో రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. 'శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో' అన్న మాటలు కనిపిస్తే, సంతకం పెట్టేముందు కాలేజీలో తెలుగు లెక్చరర్‌కో, తెలిసిన లాయరుకో ఆ కాగితం చూపించండి.