జపాను ఖడ్గము: వయస్సు, విలువ

చిక్కడపల్లిలో మాకు చిరపరిచితమైన ఒక కుటుంబమువారు తమ అటకమీదనున్న ఖడ్గమొకటి చూచి పొమ్మని మమ్ము పిలిచిరి. ఇంటి యజమాని తాతగారు రెండవ ప్రపంచ యుద్ధములో బర్మా రంగమున పనిచేసి, తిరిగివచ్చునప్పుడు దానిని తెచ్చిరట. నాలుగువందల యేండ్లనాటిదని ఇంటిలో చెప్పుకొందురు. నారాయణగూడలో పాత సామానులు కొను వర్తకుడొకడు పిడికి వెండి ఉన్నదా అని మాత్రము గీకి చూచి, ఇత్తడి ధర చెప్పి పోయెనట. "అమ్మాయి పైచదువుకు ఆసరా అవుతుందేమోనని ఆశ. మీరేమంటారండీ?" అని ఆ ఇల్లాలు అడిగిరి. మేము ఆయుధ పరీక్షకులము కాము. అయినను అశోక్‌నగర్‌లోని నగర కేంద్ర గ్రంథాలయములో నాలుగు సాయంకాలములు కూర్చుండి, చదివినది వ్రాసికొని, మరల వారింటికి పోతిమి.

ఇట్టి కత్తులు మన ఊళ్లకు వచ్చిన దారి తెలిసినదే. 1945 సెప్టెంబరు 12న సింగపూరులో జపాను దక్షిణ సేనల లొంగుబాటు పత్రముపై సంతకములు జరిగినవి. బర్మాలో పోరాడిన స్లిమ్ సేనాని, జపాను అధికారులు తమ సైనికుల యెదుటనే ఖడ్గములు అప్పగించవలెనని పట్టుపట్టెను. అట్లు చేతులు మారిన వానిలో కొన్ని భారత సైనికుల పెట్టెలలో ఇండ్లకు చేరినవి. వానిలో పెక్కు యుద్ధకాలమున కర్మాగారములలో తయారైనవే. చిన్న ఉద్యోగులకిచ్చిన కత్తికి పోతపోసిన లోహపు పిడి యుండును. అలకుపై అంకె చెక్కియుండును. దానిని చరిత్ర చిహ్నముగా దాచుకొనవచ్చును గాని ప్రాచీనమనుటకు వీలులేదు. అధికారుల కత్తులతోనే చిక్కు. కొందరు తమ వంశములో తరతరములుగా వచ్చిన అలకునకు సైనిక పిడిని, ఒరను తొడిగించుకొని యుద్ధమునకు పోయిరి. కావున పైవేషము చూచి కొత్తదనుటయు పొరపాటే, పాతదనుటయు పొరపాటే.

అసలు సాక్ష్యము పిడిలోపల నున్నది. జపాను ఖడ్గపు పిడిని బిగించునది ఒక చిన్న వెదురు చీల. దానిని మెల్లగా తట్టి తీసినచో పిడి ఊడివచ్చి, లోపలి ఇనుప కొస బయటపడును. దానిని వారు ‘నకాగో’ అందురు. కమ్మరి తన పేరును, ఊరును, ఒక్కొక్కప్పుడు శక సంవత్సరమును చెక్కునది అక్కడనే. ‘షోవా 17’ అని యున్నచో అది 1942 నాటిదని వెంటనే తేలిపోవును. ఆకురాతి గీతలు ఏ వాలున నున్నవో చూచి కమ్మరుల సంప్రదాయము గుర్తింతురు. చీల రంధ్రములు రెండున్నచో పొడవైన పాత ఖడ్గమును తరువాతివారు కురచ చేసియుండవచ్చును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది తుప్పు. కొన్ని శతాబ్దములు ఎవరును తాకని కొసకు నలుపెక్కిన, నునుపైన, గాఢమైన తుప్పు పట్టును. కొన్ని దశాబ్దములదైనచో అది ఎర్రగా, పలుచగా నుండును. పేరును దొంగ కమ్మరులు చెక్కగలరు. ప్రఖ్యాతుల పేర్లను కూటముగా చెక్కుట జపానులో పాత వ్యాపారమే. కాని ముదిరిన తుప్పును నమ్మదగినట్లు కల్పించుట కష్టము.

చిక్కడపల్లి ఖడ్గమునకు చీల తీసితిమి. రంధ్రములు రెండున్నవి. మా ఉత్సాహము అక్కడితో ఆగినది. ఏ దసరాకో ఆయుధపూజకు ముందు ఎవరో శ్రద్ధగా ఆ కొసను గరుకు కాగితముతో రుద్ది, చింతపండు పెట్టి తోమి, వెండిగిన్నెవలె మెరపించిరి. ఒకవైపున అక్షరముల నీడ మాత్రము మిగిలినది. ఆ ఇల్లాలికి ఈ సంగతి చెప్పుటకు మాకు నోరు రాలేదు, చెప్పక తప్పలేదు.

ఇక అలకు సంగతి. జపాను కమ్మరి వెన్నున దట్టముగా, వాదరన పలుచగా మట్టి పూసి, కాల్చి, నీట ముంచును. వాదర త్వరగా చల్లారి గట్టిపడును. వెన్ను సాగుగుణముతో నిలుచును. ఆ రెండింటి సరిహద్దున మబ్బుకొసవంటి తెల్లని గీత ఏర్పడును. దీనినే ‘హామోన్’ అందురు. ఒంటిదీపము వెలుగున అలకును అటునిటు వాల్చినచో అది కనబడును. అది లోహములో లీనమై, సూక్ష్మమైన స్ఫటికములతో మెరయవలెను. ఆమ్లముతో గీచిన దొంగగీత పైపైననే యుండును. యుద్ధకాలపు కత్తులను పెక్కింటిని నీటికి బదులు నూనెలో ముంచిరి.

ఉక్కు విషయమున మనవారు తక్కువవారు కారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కుకొరకు పారశీక వర్తకులు వచ్చెడివారు. మన ఉక్కు అందము మూసలో పుట్టినది. జపాను ఉక్కు అందము మడచి మడచి కొట్టిన సుత్తిదెబ్బలలో పుట్టినది. రెండింటిని ఒక కొలతతో చూడరాదు.

1596కు పూర్వపువానిని పాత ఖడ్గములనియు, తరువాతివానిని కొత్తవనియు జపాను పండితులు విభజింతురు. 1876లో సామాన్యులు ఖడ్గము ధరించుటను ప్రభుత్వము నిషేధించుటతో కమ్మరులలో పెక్కుమందికి పని పోయినది. పొడవును కొన నుండి వెన్నుగాడి వరకు సరళరేఖగా కొలుతురు. అరువది సెంటీమీటర్లు మించినది కటానా, దానికి తక్కువై ముప్పది మించినది వకిజాషి. ఈ రెండు జాతులను సాలార్‌జంగ్ మ్యూజియములో జపాను వస్తువుల నడుమ చూడవచ్చును.

వెల సంగతి చివరకు మిగిలినది. జపానులో 1948లో ఏర్పడిన ఖడ్గ పరిరక్షణ సంస్థ ఇచ్చు పత్రమునుబట్టి వెల హెచ్చును, తగ్గును. ఆ పత్రములేని కత్తికి విదేశపు వెలలు చూచి ఆశపడుట మంచిది కాదు. మీదుమిక్కిలి, 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశము దాటించరాదు. అట్టివానితో వ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెను. ఆయుధ చట్టము సంగతి ఠాణాలో ముందే అడిగి తెలిసికొనుట క్షేమము.

అందుచేత చదువు ఖర్చులకు దానిని లెక్కలోనికి తీసికొనవద్దని ఆ దంపతులకు చెప్పితిమి. ఇత్తడి ధరకు ఇవ్వవద్దనియు చెప్పితిమి. అలకు ఇంకను బాగున్నది. హామోన్ స్పష్టముగా కనబడుచున్నది. చేతిచెమట తగులకుండ మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాచి, కొసను ముట్టక, వెదురుచీలను తిరిగి బిగించి ఒరలో పెట్టితిమి. అమ్మాయి ఆ మిగిలిన అక్షరముల నీడను కాగితముపై పెన్సిలుతో అద్ది దాచుకొన్నది.