వంటింటి చిట్కా ఎక్కడిదాకా? డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

రాత్రి పదకొండు గంటలకు పిల్లాడికి దగ్గు మొదలైతే చాలా ఇళ్లలో ముందు తెరుచుకునేది వంటింటి అలమారానే. తేనె సీసా, అల్లం ముక్క, చిటికెడు పసుపు. నానీ చెప్పిన నుస్ఖా అమ్మీ చేస్తుంది. చాలాసార్లు పొద్దుటికి పిల్లాడు తేరుకుంటాడు కూడా.

ఇందులో తప్పేం లేదు. యునానీ వైద్యంలో 'ఇలాజ్ బిల్ గిజా' అంటే ఆహారంతో చికిత్స అనే పద్ధతే ఉంది. అయితే అదే యునానీలో మందులతో చేసే చికిత్స వేరు, హిజామా, మాలిష్ లాంటివి వేరు, కోతతో చేసే చికిత్స వేరు. ఆహారం ఈ నాలుగింటిలో ఒకటి మాత్రమే. కలోంజీ, తేనె, ఖర్జూరం గురించి హదీసుల్లో ప్రస్తావన ఉన్నట్టే, జబ్బు చేస్తే చికిత్స చేయించుకోమన్న మాట కూడా ఉంది. కాబట్టి వంటింటి వస్తువు ఏ పని చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది తెలుసుకుంటే చిట్కా కూడా పనికొస్తుంది, ప్రాణానికీ ముప్పు ఉండదు.

తేనె: ఏడాది నిండాకే

ఏడాది దాటిన పిల్లలకు జలుబు వల్ల వచ్చే దగ్గుకు పడుకునే ముందు అర చెంచా నుంచి ఒక చెంచా తేనె ఇస్తే గొంతుకు హాయిగా ఉంటుంది, దగ్గు తగ్గి నిద్ర పడుతుంది. దీన్ని పిల్లల డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు.

ఏడాది నిండని బిడ్డకు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో 'క్లాస్ట్రీడియం బోటులినమ్' అనే బ్యాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగుల్లో అవి పెరగవు. పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. మలబద్ధకం, ఏడుపు నీరసంగా రావడం, పాలు సరిగా పీల్చలేకపోవడం, ఒళ్లు మెత్తబడిపోవడం దాని లక్షణాలు. ఇంట్లో తేనెను వేడి చేసినంత మాత్రాన ఆ బీజాలు చావవు.

తహ్నీక్ సమయంలో ఖర్జూరం లేదని కొందరు తేనె నాకిస్తారు, ఇంకొందరు రోజూ ఘుట్టీలో కలుపుతారు. రెండూ మానుకోవాలి. ఖర్జూరంతో తహ్నీక్ చేయించాలనుకునేవారు కూడా ముందుగా బిడ్డను చూస్తున్న డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది. మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఆహారం, తల్లిపాలే నీళ్లు.

విరేచనాలు: షర్బత్ కాదు, ఓఆర్ఎస్

వంటింటి వస్తువులు నిజంగా ప్రాణం కాపాడిన కథ ఒకటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కలరా వ్యాపించింది. పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ బాటిళ్లు అయిపోతుండటంతో ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. అక్కడ దాదాపు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి.

దీని వెనుక లెక్క ఇది. పేగు గోడ నుంచి చక్కెర లోపలికి పోయేటప్పుడు ఉప్పును కూడా వెంట తీసుకుపోతుంది. ఉప్పు వెంట నీళ్లు పోతాయి. అందుకే రెండూ సరైన పాళ్లలో ఉండాలి. చక్కెర ఎక్కువైతే అది నీళ్లను తిరిగి పేగులోకే లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కూల్ డ్రింకులు, తియ్యటి షర్బత్‌లు, డబ్బా జ్యూసులు ఇందుకే పనికిరావు.

ఇప్పుడు వాడుతున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. వీటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ కూడా ఉంటాయి. దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడుపోయిన కొన్ని డబ్బా పానీయాల్లో చక్కెర దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి పానీయాలపై ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోవాలి.

ప్యాకెట్ దొరకనప్పుడు ఇంట్లోనే చేసుకోవచ్చు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. చెంచా నిండా గోపురంలా కాకుండా సమంగా తీయాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. గంజి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా ఇవ్వొచ్చు. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు డాక్టర్ చెప్పిన మోతాదులో జింక్ 14 రోజులు ఇవ్వాలి.

షుగర్: మెంతులు మంచివే, గోలీ మానొద్దు

"కాకరకాయ రసం తాగుతున్నా కదా బేటా, ఇంక గోలీలు ఎందుకు?" ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది.

మెంతుల్లో ఉన్న జిగురులాంటి పీచు, తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా చేరకుండా నెమ్మది చేస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990 నాటికే దీనిపై పరిశోధనలు ప్రచురించారు. అంటే మెంతులు భోజనానికి తోడు. పాడైన ఇన్సులిన్ వ్యవస్థను అవి తిరిగి తీసుకురాలేవు. గోలీలు మానేస్తే బయటికి ఏమీ కనిపించకుండానే కళ్లు, కిడ్నీలు, కాళ్ల నరాలు దెబ్బతింటూ పోతాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల గోలీలు వాడుతూ, పైనుంచి కాకరకాయ రసం, మెంతి పొడి ఎక్కువగా తీసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. రమజాన్‌లో రోజా ఉన్నప్పుడు షుగర్ 70 కన్నా తగ్గితే ఇఫ్తార్ దాకా ఆగకుండా రోజా విరమించాలని డాక్టర్లు చెబుతారు. జబ్బుతో ఉన్నవారికి షరీఅత్‌లోనే సడలింపు ఉంది.

చక్కెర బదులు తేనె వాడితే షుగర్ పెరగదనుకోవడం కూడా పొరపాటే. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. ఖర్జూరం కూడా లెక్కపెట్టుకునే తినాలి.

రక్తహీనత: భోజనం కాగానే చాయ్ వద్దు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఐరన్ కోసం ఆకుకూర, పప్పు తింటారు. వెంటనే ఒక కప్పు చాయ్ తాగుతారు. చాయ్‌లోని టానిన్లు ఆ ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి చేరనివ్వవు. తిన్న తిండి సగం వృథా అయినట్టే.

చాయ్ మానక్కర్లేదు. భోజనానికి, చాయ్‌కి మధ్య కనీసం గంట ఎడం ఉంటే చాలు. పప్పు మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని విటమిన్ సి ఐరన్ ఒంటబట్టేలా చేస్తుంది. మాంసం, కలేజీలో ఉండే ఐరన్ ఇంకా తేలిగ్గా ఒంటబడుతుంది. కాకపోతే కలేజీలో విటమిన్ ఎ చాలా ఎక్కువ కాబట్టి గర్భిణులు దాన్ని దూరం పెట్టాలి. ఐరన్ గోలీలు కూడా చాయ్‌తో కాకుండా నీళ్లతో వేసుకోవాలి.

అందరికీ అన్నీ పడవు

ఎండాకాలంలో కొబ్బరి నీళ్లు చాలామందికి మంచివి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి అవే ప్రమాదం. వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది. రక్తం పల్చబడే మందులు వాడేవారు పసుపు, వెల్లుల్లి, అల్లం వంటలో వేసుకోవచ్చు గానీ, క్యాప్సూళ్లు, కషాయాల రూపంలో ఎక్కువగా తీసుకోకూడదు. ఏ చిట్కా వాడుతున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

ఇక ఈ లక్షణాలు కనిపిస్తే చిట్కాలు ఆపి బయల్దేరాల్సిందే. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష తప్పనిసరి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. పిల్లాడు ఆయాసపడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆలస్యం చేయొద్దు. విరేచనాల్లో రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా, ఏమీ తాగలేకపోతున్నా, మూత్రం రాకపోయినా అంతే. పెద్దవాళ్లకు ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు తాగిస్తూ కూర్చోకూడదు.

ఖర్చుకు భయపడే చాలామంది రెండు రోజులు ఆగుదాం అనుకుంటారు. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాల్లో, రెండు రాష్ట్రాల్లోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్‌కు చూపించుకోవడానికి రూపాయి ఇవ్వక్కర్లేదు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా అక్కడ ఉచితమే. నానీ నుస్ఖా ఆ రాత్రి గడవడానికి సాయపడుతుంది. తెల్లవారేసరికి తగ్గకపోతే పిల్లాణ్ని అక్కడికి తీసుకెళ్లాలి.